వియరీ డన్లప్: బందీల శిబిరంలో శస్త్రవైద్యుడు

సర్ ఎర్నెస్ట్ ఎడ్వర్డ్ డన్లప్ (1907–1993) ఆస్ట్రేలియా సైనిక వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యానికి బందీగా చిక్కి, థాయ్‌లాండ్–బర్మా రైలుమార్గం పనిలో తోటి ఖైదీల ప్రాణాలు నిలపడానికి పాటుపడ్డాడు. స్వదేశంలో ఆయన్ని ‘వియరీ’ అనే పిలుస్తారు. ఇంటిపేరును డన్లప్ టైర్ల కంపెనీతో ముడిపెట్టి, ‘టైర్’ను ‘టైర్డ్’ (అలసిన) చేసి, అదే అర్థమున్న ‘వియరీ’ని కాలేజీలో తోటివాళ్లు పేరుగా పెట్టారు. 1947లో ఓబీఈ, 1965లో సీఎంజీ అనే బ్రిటిష్ గౌరవాలు, 1969లో సర్ బిరుదు, 1976కి ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’ గౌరవం, 1987లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాల్లో ఒకటైన కంపానియన్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా ఆయనకు దక్కాయి. విశేషమేమిటంటే, ఈ వరసలో విక్టోరియా క్రాస్ కోవకు చెందిన శౌర్య పతకం ఒక్కటీ లేదు. అందులో అన్యాయమేమీ జరగలేదు. శౌర్య పతకాల ఏర్పాటు ఎప్పుడూ ఒక ఘటనను వెతుకుతుంది: ఫలానా తేదీ, ఫలానా కందకం, కొన్ని నిమిషాల తెగువ, దాన్ని చూసిన సాక్షులు. డన్లప్ చేసిన పని అలాంటి చట్రంలో ఇమడదు. అది మూడున్నరేళ్ల పాటు రోజూ ఉదయం మళ్లీ మొదలయ్యే పని: రోగుల జాబితా రాయడం, దొడ్డిగుంటలు తవ్వించడం, నీళ్లు మరిగించారో లేదో చూడటం, బాతుగుడ్లు లెక్కపెట్టడం. జనం ఆయన్ని వీరుడిగా తలుచుకుంటారు. దొరికే ఆధారాలు మాత్రం ఆయన గొప్పతనం నిర్వాహకుడిగానే ఎక్కువని చూపిస్తాయి. ఈ మాట ఆయన్ని తగ్గించడానికి అంటున్నది కాదు. ఆ శిబిరాల్లో ఎవరు బతికారు, ఎవరు చనిపోయారు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ నిర్వహణలోనే ఉంది.

ఆయన విక్టోరియా రాష్ట్రంలోని వాంగరాటాలో 1907 జులై 12న పుట్టాడు. స్టూవర్టన్ అనే పల్లెలో పొలం పనుల మధ్య పెరిగి, బెనాల్లా హైస్కూల్లో చదివి, అదే ఊళ్లో మందుల కొట్టులో పని నేర్చుకుంటూ ఫార్మసీ పూర్తిచేశాడు. ఉపకారవేతనంతో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరి 1934లో ప్రథమ శ్రేణిలో పట్టా పొందాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. విశ్వవిద్యాలయంలో బాక్సింగ్ చేశాడు, 1932లోను 1934లోను రగ్బీలో ఆస్ట్రేలియా జాతీయ జట్టుకు ఆడాడు. 1938లో లండన్ వెళ్లి శస్త్రవైద్యుల అర్హత అయిన ఎఫ్ఆర్‌సీఎస్ సంపాదించాడు. యుద్ధం మొదలయ్యేసరికి అక్కడే సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో ఉన్నాడు, అక్కడి నుంచే ఆస్ట్రేలియా సైనిక వైద్యదళంలో చేరాడు. పాలస్తీనా, గ్రీసు, క్రీట్, టోబ్రూక్ చూసి, 1942 ఫిబ్రవరిలో జావా చేరాడు. ఈ జాబితాలో మందుల కొట్టు సంగతిని చాలామంది రచయితలు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మందు లేనిచోట ఉన్నదాంతో మందు తయారుచేసుకోవలసిన స్థితి తర్వాత వచ్చింది కాబట్టి, ఆ చదువు రగ్బీ కన్నా ఎక్కువ పనికొచ్చిందని నా అనుమానం.

జావాలో బాండుంగ్ పట్టణంలోని మిత్రరాజ్యాల ఆస్పత్రికి ఆయన అధిపతి. మార్చిలో జావా లొంగిపోయింది. డన్లప్ కథల్లో అందరూ చెప్పుకునే ఘట్టం ఇక్కడే జరిగింది. బిల్ గ్రిఫిత్స్ అనే బ్రిటిష్ యువకుడు పేలుడులో రెండు కళ్లూ రెండు చేతులూ పోగొట్టుకుని మంచాన ఉన్నాడు. ఇలాంటివాడు బతికి ఏం లాభమని జపాన్ సైనికులు బయొనెట్ ఎత్తితే డన్లప్ మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. గ్రిఫిత్స్ ఇంగ్లండ్ తిరిగివెళ్లి దశాబ్దాల పాటు బతికాడు. పతకాల ఏర్పాటుకు కావలసిన ఘటన ఇదే, సాక్షులూ ఉన్నారు. కానీ ఆ ధైర్యం కాపాడింది ఒక్క ప్రాణాన్ని. అదే ఏడాది బాండుంగ్ శిబిరంలో ఆయన చేసిన మరో పని గురించి పెద్దగా చెప్పుకోరు. ఖైదీ అధికారులకు జపాన్ ప్రభుత్వం హోదాను బట్టి జీతం ఇచ్చేది. ఆ జీతంలో పెద్దభాగం ఉమ్మడి నిధికి జమకట్టాలని, దాంతో రోగులకూ మామూలు సిపాయిలకూ తిండి కొనాలని డన్లప్ పట్టుబట్టాడు. కొందరు అధికారులు గొణిగారు, కొందరు ఎదురుతిరిగారు. బయొనెట్ ముందు నిలబడటం కన్నా తనవాళ్ల జేబులో చెయ్యిపెట్టడం కష్టమని ఎవరికైనా తెలుసు. ఆ నిధి నిలబడింది.

ఆ నిధి విలువ తెలియాలంటే రైలుమార్గం పని ఎలా నడిచిందో తెలియాలి. థాయ్‌లాండ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజాయత్ దాకా 415 కిలోమీటర్ల దారిని జపాన్ సైన్యం 1942–43లో ఏడాది కాస్త దాటిన కాలంలో వేయించింది. అరవై వేలకు పైబడిన యుద్ధఖైదీలు అందులో పనిచేశారు, పన్నెండు వేలకు పైగా చనిపోయారు. ఆస్ట్రేలియన్లు సుమారు 13 వేల మంది. వారిలో దాదాపు 2,800 మంది తిరిగి రాలేదు. డన్లప్ నాయకత్వంలో సుమారు 900 మంది 1943 జనవరిలో జావా నుంచి సింగపూర్ మీదుగా థాయ్‌లాండ్ చేరి, కోన్యూ, హింటోక్ శిబిరాల్లో పడ్డారు. కొండను సమ్మెటతో, ఉలితో తొలిచి, మందుగుండు పెట్టి పేల్చి, రాళ్లు చేతులతో ఎత్తిపోసే పని. తర్వాత ‘హెల్‌ఫైర్ పాస్’ అని పేరుబడ్డ కోన్యూ కోత అక్కడిదే. గడువు ముంచుకొచ్చేకొద్దీ పనిగంటలు పెరిగాయి, వానాకాలం వచ్చింది, జూన్ నాటికి కలరా దిగింది. జపాన్ ఇంజనీర్ల లెక్కలో పని చేసినవాడికే కూలి, పని చేసినవాడికే పూర్తి బియ్యం. జబ్బుపడ్డవాడికి కూలి ఉండదు, తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే జబ్బు ముదురుతుంది. బెరిబెరి, పెలగ్రా, మలేరియా, రక్తవిరేచనాలు ఒకదాని వెనక ఒకటి వచ్చే చోట ఈ నియమమే సగం మరణశిక్ష. అందుకే డబ్బును ఆరోగ్యవంతుల నుంచి రోగుల వైపు మళ్లించే ఉమ్మడి నిధి, అక్కడ మందుతో సమానమైన చికిత్స అయింది. ఆ డబ్బుతో నది వెంట పడవల్లో వచ్చే వర్తకుల దగ్గర బాతుగుడ్లు, నూనె, పంచదార కొన్నారు. కాంచనబురి వ్యాపారి బూన్‌పాంగ్ సిరివేజ్జభాండు ప్రాణానికి తెగించి మందులూ డబ్బూ రహస్యంగా శిబిరాలకు చేరవేశాడు. అతను లేకపోతే నిధి కాగితం మీది అంకెగానే మిగిలేది.

వైద్యం సంగతికొస్తే, ఆర్థర్ మూన్, యూవన్ కార్లెట్ అనే ఇద్దరు డాక్టర్లు డన్లప్‌తో ఉన్నారు. మందులు దాదాపు లేవు. వెదురు ముల్లు గీసుకున్నా కాలు ఎముకదాకా కుళ్లే పుండ్లకు, చెంచాను పదునుచేసి చచ్చిన కండను గోకి తీసేవారు. అదీ పనిచేయకపోతే కాలు తీసేవారు. కలరా రోగికి శరీరంలోంచి పోయిన నీటిని తిరిగి ఎక్కించాలి. దొంగిలించిన గొట్టాలతో నీటిని ఆవిరిచేసి మళ్లీ చల్లార్చి శుద్ధిచేసి, వంట ఉప్పు కలిపి సెలైన్ తయారుచేశారు. వెదురును చెక్కి సూది గొట్టంగా వాడారు. ఈ యుక్తులు పుస్తకాల్లో బాగా రక్తి కడతాయి. ఇవి ప్రాణాలు నిలిపిన మాట నిజం. అయితే అంతకన్నా ఎక్కువమందిని జబ్బే పడకుండా కాపాడింది కంటికి ఆనని పని: దొడ్డిగుంటలు లోతుగా తవ్వి మూతవేయడం, ఈగలు పెరగకుండా చూడటం, మరిగించని నీటిచుక్క తాగనివ్వకపోవడం, తిండికి ముందు ప్రతి పళ్లేన్నీ మరిగే నీళ్లలో ముంచడం, కలరా సోకినవారిని వేరే గుడారాలకు తరలించడం. పన్నెండు గంటలు రాళ్లు మోసివచ్చినవాడి చేత రాత్రి గుంట తవ్వించాలంటే వైద్యజ్ఞానం ఒక్కటే చాలదు. చెప్పినమాట వినే అలవాటున్న జనం కావాలి, వినదగిన మనిషి చెప్పాలి. యుద్ధం చేయని వైద్యాధికారి సైనికులకు నాయకత్వం వహించడం సైనిక సంప్రదాయానికి విరుద్ధం. అయినా ఆ తొమ్మిదివందల మంది ఆయన్నే నాయకుడిగా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ప్రతి ఉదయం ఇంజనీర్లు ఇంతమంది కూలీలు కావాలని సంఖ్య చెప్పేవారు. రోగుల్లో ఎవరు పనికి వెళ్లాలో, ఎవరు ఉండాలో తేల్చింది డాక్టర్లే. అంటే, శత్రువు యుద్ధానికి పనికొచ్చే రైలుదారికి డాక్టరే కూలీలను సమకూర్చినట్టు కాదా? ఎంపిక తప్పితే చావుకు పంపినట్టు కాదా? డన్లప్ ఈ భారాన్ని తేలిగ్గా తీసుకోలేదని ఆయన డైరీలే చెబుతాయి. ఆయన బేరమాడాడు, వాదించాడు, దెబ్బలు తిన్నాడు. నిలబడలేనివారిని మోయించి వరసలో చూపించి సంఖ్య తగ్గించమని అడిగాడు. అయినా చివరికి కొందర్ని పంపవలసే వచ్చింది. దీనికి సమాధానం, ఆయన తప్పుకుంటే ఏం జరిగేదన్న ప్రశ్నలోనే ఉంది. సంఖ్య మారదు. ఎంపిక జపాన్ తరఫున పనిచేసే కొరియన్ కాపలాదారు చేతికి, కర్ర చేతికి పోతుంది. జ్వరం తగ్గినవాడికీ, నిన్న రాత్రి కలరా నుంచి బయటపడినవాడికీ తేడా వైద్యుడు ఒక్కడే గుర్తించగలడు. ఆ తేడాయే చాలామంది బతుకు. వైద్యుడి చేతులు మైలపడ్డాయన్నది నిజమే, కానీ ఆ శిబిరంలో చేతులు శుభ్రంగా ఉంచుకోగలిగినవాడు ఎవరికీ పనికిరాడు. అధికారులు బరువుపని చేయకుండా మంచి తిండి తిన్నారన్న ఫిర్యాదు కూడా ఖైదీల జ్ఞాపకాల్లో ఉంది. చాలా శిబిరాల విషయంలో అందులో నిజముంది. ఉమ్మడి నిధి మీద డన్లప్ అంత పట్టుదల చూపడానికి అదీ ఒక కారణమే.

నిర్వహణే ప్రాణాలు నిలిపిందని చెప్పడానికి రైలుమార్గం మీదే పోల్చదగిన ఉదాహరణలున్నాయి. 1943 ఏప్రిల్, మే నెలల్లో సింగపూర్ నుంచి ‘ఎఫ్ ఫోర్స్’ పేరుతో ఏడు వేలమందిని పంపారు. సగం పైచిలుకు ఆస్ట్రేలియన్లు, మిగతావారు బ్రిటిష్‌వారు. వానలో మూడు వందల కిలోమీటర్లు నడిపించారు, కలరా ఉన్న శిబిరాల్లోకి తోలారు. ఆస్ట్రేలియన్లలో మూడోవంతుకు కాస్త తక్కువ, బ్రిటిష్‌వారిలో దాదాపు అరవై శాతం చనిపోయారు. అదే దారి, అదే తిండి, అదే యజమానులు. శిబిర పారిశుధ్యం, డాక్టర్ల మాటకున్న బలం, ఒకే దళానికి చెందినవారన్న కట్టుబాటు తేడా తెచ్చాయని చాలామంది చెప్పారు. కానీ దీన్ని ‘ఆస్ట్రేలియా గుణం’గా చూపడం తొందరపాటు. బ్రిటిష్ భాగంలో బయల్దేరేనాటికే జబ్బుగా ఉన్నవారు ఎక్కువ. వారు ఆఖరున వచ్చి అప్పటికే మలినమైన మజిలీల్లో దిగారు. వారిలో రకరకాల దళాల నుంచి ఏరి కలిపినవారు ఎక్కువమంది. ఇవన్నీ తీసివేసినా కొంత తేడా మిగులుతుంది. ఆ మిగిలేది జాతి గుణం కాదు, ఏర్పాటు బలం. ఒకరినొకరు ఎరిగిన దళం, దాని డాక్టరు, దాని వంటవాడు, దాని లెక్కల మనిషి కలిసి ఉన్నచోట గుంట తవ్వడం సులువు.

మరో పోలిక ఇంకా కఠినమైనది. తెలుగువారికి దగ్గరిది కూడా. రైలుమార్గం మీద పనిచేసినవారిలో యుద్ధఖైదీలు తక్కువ, ఆసియా కూలీలు ఎక్కువ. బర్మా, మలయా, జావా, థాయ్‌లాండ్ నుంచి తెచ్చినవారు రెండు లక్షలని అంచనా. చనిపోయినవారు ఎనభై, తొంభై వేలదాకా ఉంటారని చాలామంది చరిత్రకారుల లెక్క. మలయా నుంచి వెళ్లినవారిలో అత్యధికులు రబ్బరు తోటల తమిళులు, వారితోపాటు తెలుగువారు. ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల (కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీల) వెంట మలయా వెళ్లి, పేరాక్‌లోని బాగన్ దాతో వంటి చోట్ల తోటల్లో స్థిరపడిన కుటుంబాలవారు. యుద్ధంతో రబ్బరు ఎగుమతి ఆగి తోటల్లో పని పోయింది. మూడు నెలల పని, మంచి కూలి అన్న మాటతో కొందర్ని, ఉచితంగా సినిమా అని పిలిచి తలుపులు మూసి కొందర్ని లారీల్లో ఎక్కించారు. భార్యాపిల్లలతో వెళ్లినవారూ ఉన్నారు. వారి శిబిరాల్లో డాక్టరు లేడు, నీళ్లు మరిగించమని చెప్పేవాడు లేడు, రోగి వాటా తిండి కోసం బేరమాడేవాడు లేడు. కలరా వస్తే బతికున్నవాళ్లు అడవిలోకి పారిపోయేవారు. దాంతో రోగం తర్వాతి శిబిరానికి చేరేది. 1943లో సింగపూర్ నుంచి ‘కె’, ‘ఎల్’ అనే రెండు ఖైదీ వైద్య బృందాలను కూలీల శిబిరాలకు పంపారు గాని, చిన్న బృందాలు కావడం వల్ల, అధికారం లేకపోవడం వల్ల పెద్దగా చేయలేకపోయాయి.

ఈ పోలిక చేస్తే, కూలీలకు క్రమశిక్షణ లేక చచ్చారని అన్నట్టవుతుందని ఎవరైనా తప్పుపట్టవచ్చు. యుద్ధానంతర పాశ్చాత్య రచనల్లో ఆ ధోరణి కొంత ఉంది కూడా. అసలు సంగతి వేరు. యుద్ధఖైదీలు ఓడినా సైన్యంగానే వచ్చారు. హోదాలు, డాక్టర్లు, హాజరు పట్టీలు వారి వెంటే వచ్చాయి. తోటకూలీకి అలాంటి సొంత ఏర్పాటు ఎన్నడూ దక్కనివ్వలేదు. తోటలో మందు దొర ఇవ్వాలి, కూలి కంగాణీ పంచాలి, తగాదా దొర తీర్చాలి. 1942లో దొరలు ఖైదుకో పరాయి దేశాలకో పోయేసరికి కూలీలను నిలబెట్టేది ఏదీ మిగల్లేదు. డన్లప్ శిబిరంలో ఉన్నదేమిటో ఆ శిబిరాన్ని చూస్తే పూర్తిగా తెలియదు. అది లేనిచోట ఏం జరిగిందో చూస్తేనే తెలుస్తుంది. కాంచనబురి, చుంగ్‌కాయ్, తన్‌బ్యూజాయత్ శ్మశానాల్లో ఖైదీలకు పేరుపేరునా సమాధులున్నాయి, జాబితాలు రాసినవారు ఉన్నారు కాబట్టి. కూలీల మరణాల సంఖ్య నేటికీ అంచనాగానే ఉంది.

డన్లప్ కీర్తి మీద ఇంకో ఫిర్యాదు ఆస్ట్రేలియాలోనే పుట్టింది. రైలుమార్గం మీద నలభైకి పైగా ఆస్ట్రేలియా వైద్యులు పనిచేస్తే ఒక్క మనిషికే విగ్రహాలెందుకు? ఆల్బర్ట్ కోట్స్ బర్మా వైపు ‘55 కిలో’ (55వ కిలోమీటరు) శిబిరంలో అంతకు తక్కువ కాని పని చేశాడు. 1944లో నఖోన్ పాఠోమ్‌లో ఏర్పాటైన పెద్ద ఖైదీ ఆస్పత్రికి ఆయనే అధిపతి, డన్లప్ ఆయన కిందే పనిచేశాడు. రక్తవిరేచనాలకు స్థానికంగా మందు తీసిన డచ్ రసాయన నిపుణుడి పేరు మెల్‌బోర్న్‌లో ఎందరికి తెలుసు? ఈ ఫిర్యాదు న్యాయమైనదే. డన్లప్ కీర్తిలో ఆయన ఎత్తుకు, దీర్ఘాయువుకు, 1986లో అచ్చయిన డైరీలకు పెద్ద వాటా ఉంది. యుద్ధం ముగిసిన నలభై ఏళ్లకు, బందీల కథ వినడానికి దేశం సిద్ధమైన సమయంలో ఆ పుస్తకం వచ్చింది. అయితే ఇది పై వాదనను కొట్టివేయదు, బలపరుస్తుంది. పదుల సంఖ్యలో వైద్యులు వేరువేరు శిబిరాల్లో దాదాపు ఒకే పద్ధతి అనుసరించి దాదాపు ఒకే ఫలితం సాధించారంటే, ప్రాణాలు నిలిపింది ఒక అసాధారణ వ్యక్తి కన్నా నేర్చుకోదగిన, నేర్పదగిన పద్ధతి అన్నమాట. డన్లప్ దానికి ముఖంగా మారాడు. బహువచనాన్ని విగ్రహంగా పోయడం ఎవరికీ చేతకాదు కదా.

యుద్ధం తర్వాతి జీవితం కూడా ఇదే దారిలో నడిచింది. 1945 నవంబర్‌లో, యుద్ధమంతా ఎదురుచూసిన హెలెన్ ఫెర్గూసన్‌ను పెళ్లాడాడు, ఇద్దరు కొడుకులు. రాయల్ మెల్‌బోర్న్ ఆస్పత్రిలో అన్నవాహిక శస్త్రచికిత్సలో పేరు తెచ్చుకున్నాడు. మాజీ ఖైదీల పింఛన్ల కోసం ఏళ్ల తరబడి తిరిగాడు. శిబిరంలో పడ్డ జబ్బే ఇప్పటి జబ్బుకు మూలమని నిరూపించడానికి అప్పటి రాతపని అక్కరకొచ్చింది. కొలంబో పథకం కింద 1956లో థాయ్‌లాండ్, సిలోన్‌లలోను, 1960ల తొలి సంవత్సరాల్లో భారత్‌లోను శస్త్రచికిత్స సలహాదారుగా పనిచేశాడు. 1969లో దక్షిణ వియత్నాంకు ఆస్ట్రేలియా వైద్యబృందాన్ని తీసుకెళ్లాడు. జపాన్ మీద పగ పెట్టుకోలేదు. మాజీ ఖైదీల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు. వారి కోపానికి కారణాలున్నాయి, క్షమించడం ఎవరి మీదా రుద్దగలిగిన విధి కాదు. హింటోక్‌లో రోగుల్ని పనికి తోలిన కొరియన్ కాపలాదారు లీ హాక్‌నేకు యుద్ధనేరాల విచారణలో మరణశిక్ష పడింది, తర్వాత జైలుశిక్షగా తగ్గింది. అతను 1991లో కాన్‌బెర్రా వచ్చి డన్లప్‌కు క్షమాపణ చెప్పుకున్నాడు. లీ కూడా జపాన్ ఏలుబడిలోని వలసదేశం నుంచి ఆ సైన్యం తీసుకున్న మనిషే. గొలుసులో అట్టడుగు లంకె. డన్లప్ ఆ క్షమాపణను స్వీకరించాడు.

1993 జులై 2న ఆయన మెల్‌బోర్న్‌లో మరణించాడు. ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలకు వీధుల్లో వేలమంది నిలబడ్డారు. మరుసటి ఏడాది చితాభస్మంలో కొంత హెల్‌ఫైర్ పాస్ దగ్గర ఉంచారు. మెల్‌బోర్న్‌లోను, కాన్‌బెర్రాలోను, బెనాల్లాలోను విగ్రహాలున్నాయి, 1995లో ఆయన బొమ్మతో యాభై సెంట్ల నాణెం వచ్చింది. వీటన్నిటికన్నా ఆయన పనికి దగ్గరగా ఉన్నది 1980ల్లో మొదలైన డన్లప్–బూన్‌పాంగ్ ఫెలోషిప్. థాయ్ యువ శస్త్రవైద్యులు దాని సాయంతో ఆస్ట్రేలియా ఆస్పత్రులకు వచ్చి శిక్షణ పొంది తమ దేశం వెళ్తారు. అందులో డాక్టరు పేరు పక్కన, రాత్రిళ్లు మందులు చేరవేసిన కాంచనబురి వ్యాపారి పేరూ సమానంగా ఉంది.